ఆ కాయితం మీద నేను సంతకం పెట్టలేదు

ఒక కథల పుస్తకం గురించి మాట్లాడుకోవాలని శ్రీకాకుళంలో ఒక మిత్రురాలి ఇంట్లో కలిశాం. పద్నాలుగు మందిమి. అందరం రాసేవాళ్లమో, పాఠాలు చెప్పి రిటైరైన వాళ్లమో. పుస్తకం సంగతి అయిపోయింది, టీలు కూడా అయిపోయాయి. అప్పుడు అప్ప తన గుడ్డసంచీ లోంచి ఒక కాయితం తీసింది.

అప్ప నాకు తోడబుట్టింది కాదు. మా వైపు అక్కని అప్ప అంటాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఇల్లు చూసిపెట్టింది, నా మొదటి వ్యాసం తప్పులు దిద్దింది, నా పెళ్లి చెడినప్పుడు మూడు నెలలు తన ఇంట్లో ఉంచుకుంది. ఆమె ఏ కాయితం ఇచ్చినా చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు నలభై ఏళ్లుగా ఉంది.

ఈసారి చదివాను. పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు పతకాలు తెచ్చిన దగ్గర్నుంచి మన ఆడపిల్లలు కూడా షూటింగు వైపు చూస్తున్నారని, మన జిల్లాలో వాళ్లకి ఒక్క రేంజి కూడా అందుబాటులో లేదని, కాబట్టి ప్రభుత్వ నిధులతో ఒక పబ్లిక్ షూటింగ్ రేంజి కట్టించాలని, దానివల్ల ఆడపిల్లల్లో ఆత్మవిశ్వాసం, ఆత్మరక్షణ శక్తి పెరుగుతాయని అందులో ఉంది. క్రీడల మంత్రికి పంపడానికి. చూస్తుండగానే పదమూడు సంతకాలు పడ్డాయి. పద్నాలుగోది నాది. నేను కాయితం మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఏటే, నువ్వేనా ఇలగ? ఆడపిల్లలకి ఏదన్నా వస్తాదంటే ముందు నిలబడే మనిషివి," అంది అప్ప.

అంతమందిలో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "ఆలోచించి చెప్తానప్పా," అన్నాను. ఆ మాటకి ఆమె మొహం మారింది. ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యలేదు. నేను చేస్తే "పన్లో ఉన్నానే" అని పెట్టేసింది. అందుకని ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆమె ఈ పత్రిక తప్పకుండా చదువుతుంది.

ముందుగా ఒక అపోహ తీసేస్తాను. ఆ గదిలో ఒకామె నాతో, "మీరు గాంధేయవాదులని నాకు తెలీదండీ," అంది నవ్వుతూ. నేను గాంధేయవాదిని కాను. తుపాకీని చూస్తే పాపం తగులుతుందనుకునే మనిషినీ కాను. నేను తుపాకీ కాల్చాను. కాల్చడం నాకు చాలా ఇష్టమైంది కూడా.

కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో ఉండేదాన్ని. ఏడాదికి ఒక్కసారి ఫైరింగుకి తీసుకెళ్లేవారు. నేల మీద దుప్పటి పరిచి బోర్లా పడుకోమనేవారు. .22 రైఫిలు, 25 మీటర్ల దూరంలో కాగితం టార్గెట్, మనిషికి ఐదు గుళ్లు. రైఫిలు వెనక భాగం భుజం గుంటలో గట్టిగా ఆనించి, చెంప చెక్కకి తాకించి, ఊపిరి సగం వదిలి ఆపి, అప్పుడు మెల్లిగా వేలు నొక్కాలి. లాగకూడదు, నొక్కాలి. ఉస్తాద్‌గారు హిందీలో అరుస్తుంటే సగం అర్థమై సగం అర్థంకాక, నా జీవితంలో మొదటిసారి నేనొక్కదాన్నే ఉన్న నిశ్శబ్దంలోకి వెళ్లాను. ఇంట్లో ఆరుగురు పిల్లలం. ఒక గది. అలాంటి నిశ్శబ్దం నాకు అప్పటిదాకా తెలీదు. ఐదు గుళ్లూ ఒక అరచేతి వెడల్పులో పడ్డాయి. వెనకాల వరసలో కూర్చున్న మగపిల్లలు, మేం పడుకున్నప్పుడు వేసిన ఈలలు, ఆ టార్గెట్ కాగితం చూశాక ఆపేశారు. ఖాళీ గుల్లలు ఐదూ లెక్కపెట్టి ఉస్తాద్‌గారికి అప్పజెప్పాం. ఒక్కటి దాచుకోవాలని ఎంత మనసైందో!

మర్నాడు ఇంటికెళ్లి అమ్మతో చెప్తే, "గుంట సేతికి తుపాకీ ఇచ్చీసినారా, ఏటి సదువులమ్మా ఇవి," అని నవ్వి, ఆ చేతులతోనే పిండి రుబ్బమంది.

కాబట్టి అప్ప చెప్పే ఆత్మవిశ్వాసం అబద్ధం కాదని నాకు తెలుసు. షూటింగు మంచి ఆట. కండకంటే ఊపిరి, ఓర్పు ముఖ్యం. ఆడవాళ్లు మగవాళ్లతో సమానంగా, ఒక్కోసారి మించి కాల్చగలరు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్కీట్ పోటీలో ఆడా మగా కలిసే దిగారు. చైనాకి చెందిన జాంగ్ షాన్ అనే అమ్మాయి 225కి 223 కొట్టి, మగవాళ్లందర్నీ దాటి బంగారు పతకం తీసుకుంది. తర్వాత ఏమైందో తెలుసా? 1996 ఒలింపిక్స్‌లో ఆ పోటీని మగవాళ్లకే పరిమితం చేశారు. ఆడవాళ్లకి విడిగా స్కీట్ 2000లో గాని రాలేదు. గెలిచిన మనిషి తన పతకాన్ని నిలబెట్టుకోడానికి వెళ్లే దారే లేకుండా పోయింది! రేంజి కడితే చాలు సమానత్వం వచ్చేస్తుందనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. రేంజి అక్కడే ఉంది. తుపాకీ అక్కడే ఉంది. ఆమె గురీ తప్పలేదు. నిబంధనలు రాసే కలం మాత్రం ఆమె చేతిలో లేదు.

అయితే నా అభ్యంతరం అంతకంటే ముందుది. నేను ముప్ఫై ఏళ్లు అర్థశాస్త్రం చెప్పినదాన్ని. సర్కారు సొమ్ముతో ఏదైనా కడుతున్నారంటే నాకు వచ్చే మొదటి ప్రశ్న: తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

రేంజి కట్టడానికి ఏం కావాలో చూడండి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్‌కి ఒక పొడవాటి హాలు, వెలుతురు, సీసపు గుళ్ల ధూళి పేరుకోకుండా గాలి ఆడే ఏర్పాటు, గుండు ఆగే గోడ, టార్గెట్లు. పోటీలకి పనికొచ్చేవి కావాలంటే ఎలక్ట్రానిక్ టార్గెట్లు, ఒక్కో వరసకి లక్షల్లో. పాతిక, యాభై మీటర్లకి వెళ్తే అసలు తుపాకులు, లైసెన్సులు, ఆయుధాల గది, కాపలా. ఇదంతా ప్రభుత్వం కట్టిందే అనుకుందాం. ఆ హాల్లోకి అడుగుపెట్టిన పిల్ల చేతిలో ఏముంటుంది? పోటీకి పనికొచ్చే ఎయిర్ రైఫిలు లక్షపైన. ఒళ్లంతా బిగించి పట్టే జాకెట్టు, ప్యాంటు, బూట్లు విడిగా. గుళ్లు రోజూ వందల్లో. కొలత మనిషికి తగ్గట్టు సరిచేసుకోవాలి కాబట్టి ఒకరి రైఫిలు ఇంకొకరికి అంత తేలిగ్గా అమరదు. అంటే గోడలు అందరివీ, తుపాకీ మాత్రం కొనుక్కోగలిగినవాళ్లది. ఇంట్లో తుపాకీ ఉన్నవాళ్లకి అది పేల్చుకునే చోటు మన సొమ్ముతో కట్టించి ఇస్తాం. కాయితంలో మాత్రం "పబ్లిక్" అని రాస్తాం.

మన దేశంలో ఈ ఆట పుట్టుకే అలాంటిది. బికనీర్ మహారాజు కర్ణీ సింగ్ పేరు మీదే ఢిల్లీలోని రేంజి ఉంది. మన విజయనగరం మహారాజ్ కుమార్, విజ్జీ, 1936లో క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్లినాయన, మూడు వందల పైన పులుల్ని కాల్చాడని చెప్పుకుంటారు. వేట పోయి పతకాలు వచ్చాయి. ఖర్చు మాత్రం దివాణం స్థాయిలోనే ఉండిపోయింది. 2008లో బీజింగులో బంగారు పతకం తెచ్చిన అభినవ్ బింద్రాకి తల్లిదండ్రులు ఇంటిదగ్గరే రేంజి కట్టించారు. అతని శ్రమని తక్కువ చెయ్యడం లేదు. ఆ శ్రమ మొదలుపెట్టడానికి ముందే ఎంత ఆస్తి కావాల్సొచ్చిందో చెప్తున్నాను.

అప్ప దీనికి ఒక జవాబు ఇచ్చింది ఆ రోజే. "హైదరాబాదు గచ్చిబౌలిలో రేంజి ప్రభుత్వానిదే కదే. ఆ రేంజి లేకపోతే ఈషా సింగ్ ఎక్కడ్నుంచి వచ్చును?" నిజమే. ఆ పిల్ల తొమ్మిదేళ్లప్పుడు అక్కడ తుపాకీ చూసి ఇష్టపడింది. పదమూడేళ్లకి, 2018లో, జాతీయ ఛాంపియన్ అయింది. పారిస్ దాకా వెళ్లింది. అయితే అప్పా, ఆ పిల్లకి గచ్చిబౌలి రేంజి ఒక్కటే సరిపోలేదు. పుణెలో గగన్ నారంగ్ అకాడమీ కావాల్సొచ్చింది. తన పని పక్కన పెట్టి వెంట తిరిగే తండ్రి కావాల్సొచ్చాడు. పలాసలో జీడిపిక్కలు ఒలిచి, ఆ తోలు నూనెకి వేళ్లు కాలి మచ్చలు పడిన తల్లి తన కూతుర్ని పుణె పంపగలదా? రేంజి శ్రీకాకుళంలో ఉన్నా సరే, పలాస నుంచి రోజూ పంపగలదా?

ఇప్పుడు ఇనుము సంగతి మాట్లాడదాం. తుపాకీ ఇనుము కాదు, బరువులెత్తే ఇనుము.

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. కరణం మల్లీశ్వరి పెరిగిన ఊరు. మన పత్రికల పాఠకులకి ఆమె పేరు కొత్త కాదు గాని, ఆమె చేసిన పని ఎంత పెద్దదో మనం రాయాల్సినంత రాయలేదని నా ఫిర్యాదు. ఆడవాళ్ల వెయిట్ లిఫ్టింగు ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 2000లో, సిడ్నీలో. ఆ మొదటిసారే, 69 కిలోల విభాగంలో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ. చివరి ప్రయత్నంలో 137.5 ఎత్తాలని చూసింది. అది నిలబడి ఉంటే బంగారమే. ఆ పెద్ద బరువు అడగడానికి ఎంత తెగింపు కావాలి! చేతికి వచ్చిన దానితో సరిపెట్టుకోమని ఆడపిల్లకి పుట్టినప్పట్నుంచి నేర్పే చోటు నుంచి వెళ్లిన మనిషి ఆమె. ఆ తెగింపు మీద మనలో ఎవరైనా ఒక కవిత రాశామా?

ఆమె ఎత్తడం నేర్చుకున్నది ఏ స్టేడియంలోనూ కాదు. ఊళ్లో, నీలంశెట్టి అప్పన్న అనే గురువు దగ్గర, అక్క వెనకాల వెళ్లి. ఇప్పుడు ఆమె అకాడమీ ఎక్కడుంది? హర్యానాలోని యమునానగర్‌లో, అత్తింటి వైపు. 2021లో ఢిల్లీ ప్రభుత్వం తన క్రీడా విశ్వవిద్యాలయానికి ఆమెని తొలి వైస్ ఛాన్సలర్‌గా పెట్టుకుంది. మనం మాత్రం ఆమె పేరు సభల్లో చెప్పుకుంటాం.

విజయనగరం జిల్లాలో, నెల్లిమర్ల మండలం కొండవెలగాడ అని ఒక ఊరుంది. చిన్న ఊరు. ఇంటికొక లిఫ్టరు అన్నట్టుంటుంది. మత్స సంతోషి ఆ ఊరి పిల్లే. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో ముందు కాంస్యం ప్రకటించారు. పైన ఉన్న అమ్మాయి డోపింగులో దొరికాక అది వెండి అయింది. ఈ ఊళ్లలో బరువులెత్తడం ఆడవాళ్లకి వింత కాదు. మా వలస కూలీ ఆడవాళ్లు చెన్నైలోనూ హైదరాబాదులోనూ మూడో అంతస్తుకి మోసే సిమెంటు తట్టని ఎవరూ కిలోల్లో తూచి బోర్డు మీద రాయరు, అంతే తేడా.

అర్థశాస్త్రం మాట ఒకటి చెప్పనివ్వండి. ఆడవాళ్ల పోటీ రాడ్ 15 కిలోలు. ఆ రాడ్డూ, పళ్లాలూ కొంటే ఒక్క సెట్టు మీద పొద్దున పదిహేను మంది, సాయంత్రం పదిహేను మంది వంతులేసుకుని ఎత్తుతారు. ఎవరి రాడ్డు వాళ్లు ఇంటినుంచి తెచ్చుకోనక్కర్లేదు. ఏళ్ల తరబడి ఉంటుంది. గుళ్లలాగా పేల్చేసి మళ్లీ కొనేది కాదు. అంటే ఈ ఆటలో ప్రభుత్వం కొన్న వస్తువు నిజంగానే అందరిదీ అవుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. పారిస్ ఒలింపిక్స్ సన్నాహాలకి కేంద్రం పదహారు క్రీడల మీద దాదాపు 470 కోట్లు పెట్టింది. అందులో షూటింగుకి 60.42 కోట్లు. వెయిట్ లిఫ్టింగుకి 26.98 కోట్లు. షూటింగులో మూడు పతకాలొచ్చాయి కదా, వెయిట్ లిఫ్టింగులో ఒక్కటీ రాలేదు కదా అంటారు. నిజమే. షూటింగుకి 21 మందిని పంపారు. లిఫ్టింగుకి వెళ్లింది మీరాబాయి చాను ఒక్కతే, నాలుగో స్థానంలో ఆగింది. వెళ్లినవాళ్లు ఒక్కరే అయితే గెలిచేవాళ్లు ఎంతమంది ఉంటారు?

(ఇక్కడ ఒక మాట. పతకాలే కొలమానం అన్న వాదన నాకు అసలు నచ్చదు. పతకం రాని పిల్లకి కూడా సాయంత్రం ఒక గంట ఇంటిపని లేని చోటు కావాలి. కాని అప్ప కాయితం మొదలైందే పతకాలతో కాబట్టి ఆ లెక్కా చెప్పాను.)

పతకాల తర్వాత కాయితంలో ఉన్నది ఆత్మరక్షణ. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది ఆ మాటే, ఎందుకంటే అది రాసింది అప్ప.

2012 డిసెంబర్ ఢిల్లీ ఘటన తర్వాత, 2014 జనవరిలో, కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ల కోసమని ఒక రివాల్వరు విడుదల చేసింది. అర కిలో బరువు, చేతిసంచీలో పట్టేలా. దానికి 'నిర్భీక్' అని పేరు పెట్టారు. చనిపోయిన ఆ పిల్లకి పత్రికలు పెట్టిన పేరుని కొద్దిగా తిప్పి, సరుకు మీద ముద్రగా వేశారు. ధర 1.22 లక్షల రూపాయలు. నిన్ను కాపాడటం మా బాధ్యత అనాల్సిన ప్రభుత్వమే, డబ్బుంటే నువ్వే కొనుక్కో అని దుకాణం తెరిచింది. లేనివాళ్లో? ఈ ప్రశ్న అప్పుడు మన పత్రికల్లో మనమే అడిగాం. అప్ప కూడా అడిగింది. ఇప్పుడు అదే ఆలోచన రేంజి రూపంలో మన చేత సంతకం పెట్టించుకోడానికి వస్తే గుర్తుపట్టవద్దా?

ఇంతకీ ఎవరి నుంచి రక్షణ? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో 30 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించారు. పదిమందిలో ముగ్గురు. ఆ హింస పది మీటర్ల దూరంలో టార్గెట్ బోర్డులాగా నిలబడదు. పక్కమీద ఉంటుంది, అన్నం కంచం దగ్గర ఉంటుంది. మా పెళ్లిలో హింస జరిగిన రోజుల్లో నాకు గురి చూసి కాల్చడం వచ్చు. ఐదు గుళ్లూ అరచేతి వెడల్పులో వేసినదాన్ని. అది నాకు ఎందుకూ పనికిరాలేదు. పనికొచ్చింది అప్ప ఇంటి తలుపు.

తుపాకీతో ఆడవాళ్లని రక్షిస్తామన్న మాట చివరికి ఎక్కడికి చేరుతుందో 2019లో చూశాం. హైదరాబాదు శివార్లలో ఒక యువ డాక్టరుపై అత్యాచారం చేసి చంపారు. డిసెంబర్ 6న నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆడపిల్లలు చాలామంది ఆ పూలు చల్లినవాళ్లలో ఉన్నారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. సుప్రీం కోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో, పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. విచారణ జరగలేదు. అసలు దోషులెవరో కోర్టులో రుజువు కాలేదు. ఆ డాక్టరుకి న్యాయమూ జరగలేదు. ఆడదాని పేరు మీద ఒక తుపాకీకి పూజ మాత్రం జరిగింది.

ఇదంతా పక్కన పెట్టినా, మా నేల మీద తుపాకీ అన్న మాటని ఒక్క ఆటగా పలకడం నాకు చేతకాదు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకి పోతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపి కోరన్న, మంగన్నలని చంపిన దగ్గర్నుంచి 'శ్రీకాకుళం' అన్న మాటకే తుపాకీ వాసన పట్టింది. 1969 డిసెంబర్‌లో పంచాది నిర్మలని కాల్చి చంపారు. ఆ తర్వాత ఎన్ని కవితలు, ఎన్ని కథలు! ఎప్పుడూ తుపాకీ పట్టని మనం, దాన్ని ఎంత తేలిగ్గా ఉపమానం చేసుకున్నాం! నా మొదటి కవితా సంకలనంలో తుపాకీ పదకొండుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను. ఇప్పుడు చదువుతుంటే సిగ్గేస్తుంది.

ఉపమానం కాని తుపాకీ 2010 జూలై 14న సోంపేటలో పేలింది. బీల నీటిని, చేపల్ని, వరిచేలని నమ్ముకున్న జనం థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్నందుకు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర వడ్డితాండ్రలో మళ్లీ పేలింది. అక్కడ ఇళ్లు కూడా తగలబడ్డాయి. రెండు చోట్లా రిలే దీక్షల్లో ముందు వరసలో కూర్చున్నది ఆడవాళ్లే. కొండ మీదకి వెళ్తే వాకపల్లి. 2007 ఆగస్టులో, తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు సామూహిక అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆడవాళ్లు చెప్పారు. పదహారేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు, దర్యాప్తు సరిగ్గా జరగలేదని చెబుతూ పోలీసుల్ని విడుదల చేసి, ఆ ఆడవాళ్లకి పరిహారం ఇవ్వమంది. మన దగ్గర ప్రభుత్వ తుపాకీకి ఆడవాళ్లతో ఉన్న సంబంధం ఇది. మా ఇంట్లో వంట చేసే ఆమె పుట్టిల్లు సోంపేట వైపు. అప్ప కాయితం గురించి చెప్తే ఆమె అన్న మాట: "ఆటకేటమ్మా, మాకాడ నిజందే సూసినాం. ముందు ఆ కేసులు కొట్టీమను."

అప్ప తెలివైనది. ఇదంతా ఆమెకి తెలుసు. ఆమె చివరి వాదన జోహ్రీ ఊరు. ఉత్తరప్రదేశ్ బాగ్‌పత్ జిల్లా. 1999లో చంద్రో తోమర్ అనే అరవై దాటిన ముసలామె, మగపిల్లలే ఉండే రైఫిల్ క్లబ్బుకి ఒక్కతే వెళ్లడానికి భయపడుతున్న మనవరాలికి తోడు వెళ్లింది. అక్కడ పిస్టలు అందుకుని తనే కాల్చింది. ఆమె, ఆమె తోటికోడలు ప్రకాశీ తోమర్ ముసుగులు వేసుకునే పోటీలకి వెళ్లి పతకాలు తెచ్చారు. ఆ ఇళ్ల ఆడపిల్లలు ఆ దారిన బయటికొచ్చారు. చంద్రో 2021 ఏప్రిల్‌లో కోవిడ్‌తో పోయినప్పుడు అప్ప నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అయితే అప్పా, జోహ్రీలో గెలిచింది భవనం కాదు. అది పల్లెటూరి క్లబ్బు, ఉన్న తుపాకులు పంచుకుని కాల్చేవారు. నడిచి వెళ్లే దూరం. అన్నిటికంటే ముఖ్యం, పక్కన నాన్నమ్మ ఉంది. నువ్వు అడుగుతున్న జిల్లా కేంద్రం రేంజిలో ఈ మూడింట్లో ఏదుంది? మన ఊళ్లలో పబ్లిక్ ఆటస్థలాల గతి నీకు తెలియందా? నేను పనిచేసిన ఒక కాలేజీలో ఆడపిల్లల గేమ్స్ గదిలో ఏళ్ల తరబడి జవాబు పత్రాల కట్టలుండేవి. ఇంకో ఊళ్లో ప్రభుత్వ బ్యాడ్మింటన్ కోర్టులో పొద్దున్న ఆఫీసర్లు, సాయంత్రం వ్యాపారులు. పిల్లలకి మధ్యాహ్నం రెండు గంటలకి, అంటే బడి ఉన్న వేళకి, ఖాళీ. వీరఘట్టంలో పుట్టిన మల్లవీరుడు కోడి రామమూర్తి పేరు పెట్టుకున్న శ్రీకాకుళం స్టేడియం పనులే ఎన్నేళ్లు నలిగాయో నువ్వూ చూశావు.

సొమ్ము గురించి కూడా ఒక్కమాట. అమెరికాలో 1937 నాటి చట్టం ఒకటుంది. తుపాకులు, తూటాల అమ్మకం మీద పన్ను వేసి వన్యప్రాణి సంరక్షణకి ఖర్చుపెడతారు. 2019లో దాన్ని సవరించి, పబ్లిక్ రేంజిలు కట్టే ఖర్చులో 90 శాతం దాకా ఆ నిధి నుంచే ఇవ్వొచ్చన్నారు. ఆ దేశం తుపాకుల పిచ్చిని నేను మెచ్చుకోను. కాని అక్కడ కూడా పేల్చేవాడు కట్టిన పన్నే పేల్చే చోటుకి పోతోంది. మన ఖజానాకి వచ్చే సొమ్ము ఏది? అందులో పెద్ద వాటా సారా మానినా బ్రాందీ మానని మగవాళ్ల కూలి, అంటే ఇంటికి రాకుండా పోయిన ఆడవాళ్ల బియ్యం డబ్బు. 1992లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం గురించి పుస్తకాలు వేసిన మనం, ఆ సొమ్ము ఎక్కడికి పోవాలో చెప్పడానికి మొహమాటపడితే ఎలా?

ఊసవానిపేట, కొండవెలగాడ లాంటి ఊళ్లలో పంచాయతీకి ఒక గది, రెండు సెట్ల ఇనుము, ఒక మరుగుదొడ్డి, జీతం ఇచ్చే ఒక మహిళా కోచ్, రోజుకి రెండు గుడ్లు, పాలు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి బస్సు ఉచితం. టికెట్టు లేదు సరే, రాత్రి ఏడున్నరకి ప్రాక్టీసు అయ్యాక ఇంటికి చేర్చే బస్సు కావాలి. ఇవన్నీ వచ్చాక, పిల్లలు తమంతట తాము షూటింగు కూడా కావాలంటే, ఎయిర్ రైఫిళ్లు, గుళ్లు ప్రభుత్వమే కొని బడిలో పెట్టి, వంతులవారీగా అందరికీ ఇచ్చే పద్ధతైతే, ఆ కాయితం నేనే రాస్తాను. నేనే తిప్పుతాను. మొదటి రోజు వెళ్లి బోర్లా పడుకుని ఐదు గుళ్లు కాలుస్తాను కూడా. మోకాళ్లు ఒప్పుకుంటే.

అప్పా, నీ కాయితం నా దగ్గరే ఉండిపోయింది. పదమూడు సంతకాలు అలాగే ఉన్నాయి. రేపు పోస్టులో పంపుతాను. వెనక పక్క ఖాళీగా ఉంటే పైన చెప్పింది దానిమీద నా చేతిరాతతో రాశాను, కింద సంతకం పెట్టాను. నువ్వు చదివి, దాని మీద పెట్టబుద్ధి కాకపోతే, ఎందుకు కాలేదో వచ్చే సంచికకి రాయి. నా తప్పులు దిద్దడం నీకు కొత్తేమీ కాదు కదా.